ఫ్యాన్ వెయ్యని షెడ్డు

కొత్తవాడలో ఆ మగ్గాల షెడ్డుకు తలుపుంది, రెండు కిటికీలున్నాయి, కరెంటుంది. ఫ్యాన్ మాత్రం లేదు. కొనలేక కాదు. గాలి తగిలితే గంజి పట్టించిన పడుగు, నిలువు పోగుల వరస, ఎండిపోతుంది. ఎండిన పోగు టప్పున తెగుతుంది. తెగిన ప్రతి పోగుకూ మగ్గం ఆపాలి, వంగి కొసలు వెతికి పట్టుకోవాలి, ముడి వెయ్యాలి, మళ్లీ అడ్డపోగు తోసే నాడె అందుకోవాలి. అందుకని మే నెల ఎండల్లో కూడా, వరంగల్ ఎండ సంగతి నేను వేరే చెప్పాలా, ఆ నాలుగు మగ్గాల వాళ్లు చొక్కాలు విప్పి పక్కన పెట్టి, తలుపు సగం మూసి, నేల మీద నీళ్లు చల్లుకుని దుప్పట్లు నేస్తారు. వాళ్ల తాతలు కూడా అలాగే నేశారు.

ఈ నియమానికి కాపలాదారు ఎవరంటే నర్సింగమే. ఆరేళ్ల కింద పక్క మగ్గం సాంబయ్య ఉక్కకు తట్టుకోలేక ఇంట్లోని టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చాడు. ప్లగ్గు పెట్టబోతుంటే నర్సింగం మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి లేవకుండానే అడిగాడు.

"ఏంది తమ్మీ, చెమట పడుతాందా?"

"ఏం ఉక్కనే అన్నా, పాణం పోతాంది."

"చెమట పట్టొద్దంటే బ్యాంకుల కొలువు చూస్కో. ఏసీలుంటయి."

షెడ్డంతా నవ్వింది. సాంబయ్య ఫ్యాన్ ఎత్తుకుని ఇంటికి పోయాడు. నర్సింగం అంతే, మాట మెత్తగా ఉంటుంది, తగిలే చోట తగులుతుంది. యాభై నాలుగేళ్ల మనిషి, పదహారో ఏట మగ్గమెక్కాడు. ఆయన నేసిన దుప్పటి అంచు స్కేలు పెట్టి గీసినట్టుంటుందని దుప్పట్లు కొనే చేనేత సంఘం వాళ్లే అంటారు. ఆ మాట ఎవరైనా తన ముందర అంటే విననట్టు నటించి, అన్నం దగ్గర సరోజనకు చెప్పుకుంటాడు.

అలాంటి మనిషికి చెమటే జబ్బయి కూర్చుంది. కాదు, తప్పు చెప్పాను. జబ్బు వేరు. చెమట ఆ జబ్బుకిచ్చిన మందు వల్ల వచ్చింది. ఈ తేడా వాడకట్టులో అందరికీ చెప్పలేక ఆయన భార్య సరోజనకు నోరు నొప్పి పుట్టింది. మనమైనా మొదటే తెలుసుకుందాం.

దసరా వెళ్లాక నర్సింగానికి నోట్లో పుండ్లు లేచాయి. వేడి చేసిందనుకున్నారు. సబ్జా గింజలు తాగించారు, మజ్జిగ తాగించారు. పుండ్లు తగ్గలేదు సరికదా, వీపు మీద, ఛాతీ మీద నీటి పొక్కులు లేవడం మొదలైంది. పొక్కు చిట్లితే కింద చర్మమే ఉండదు, పచ్చిపచ్చిగా ఎర్రటి మాంసం. బనీను వేసుకుంటే అతుక్కుపోయేది, పడుకుంటే దుప్పటి అతుక్కుపోయేది. ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఊరి జనానికి కప్పుకునేందుకు దుప్పట్లు నేసినవాడికి ఒంటిమీద గుడ్డ నిలవని రోగం వచ్చింది చూడండి. పెద్ద దవాఖానలో చర్మం డాక్టరు స్నేహలత పొక్కులోంచి ముక్క తీసి పరీక్షకు పంపి, పేరు చెప్పి, ఆ పేరు పలకడం వీళ్లకు రాదని గ్రహించి ఇలా చెప్పింది.

"ఒంట్లోని రక్షణ బలమే దారి తప్పి మీ చర్మం మీద పడుతున్నది పెద్దాయనా. దాన్ని అణచాలంటే స్టెరాయిడ్ గోలీలు వాడాలి. రోజుకు నాలుగు. నెలల తరబడి పడతది. తగ్గిందనిపించినా సొంతంగా ఆపొద్దు. నేనే మెల్లమెల్లగా తగ్గిస్త."

గోలీలు పనిచేశాయి. నెల తిరిగేసరికి పొక్కులు మాడిపోయాయి, నోరు మానింది, మిరపకాయ తొక్కుతో అన్నం తిన్నాడు. సరోజన కొమ్మాల గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ముఖం కాస్త ఉబ్బి గుండ్రంగా అయింది గానీ, "పెండ్లప్పటి కన్నా ఇప్పుడే మంచిగున్నవ్" అని ఆమె నవ్వింది.

జనవరిలో, జనం మఫ్లర్లు చుట్టుకుని చలిమంటలు కాగుతున్న రోజుల్లో, నర్సింగానికి చెమట పట్టడం మొదలైంది.

మామూలు చెమట కాదు. ముందు మాడు మీద చీమలు పాకినట్టయ్యేది, అంతే, ఇక నెత్తి నుంచి కారేది. కనుబొమ్మల మీదుగా కళ్లలోకి, ముక్కు కొసకు, గడ్డానికి, మెడ మీదుగా వీపులోకి. అన్నం తింటుంటే కంచంలో పడేది. కూర్చుని లేస్తే కూర్చున్న చోట తడి. బస్సులో పక్కవాడు జరిగి కూర్చునేవాడు. గుండె సంగతి చూపించుకో అని ఒకరు, షుగరుందేమో అని ఒకరు, దిష్టి తీయించమని ఒకరు. పొయ్యి రగిలించుకోవడానికి మనిషి నిప్పు అడిగితే ఇవ్వరు గానీ సలహా అడక్కుండానే ఇస్తారు. గుండె చూపించారు, షుగర్ చూపించారు, అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ కూడా మందు వల్లనే అంది. కొందరికి ఇలా అవుతుందట. నూలు బట్టలు వేసుకోండి, నీళ్లు బాగా తాగండి, గాలి తగిలేలా ఉండండి, గోలీ తగ్గితే అదీ తగ్గుతుంది అని పంపింది.

గాలి తగిలేలా ఉండమన్న మాట మాత్రం నర్సింగం షెడ్డులో ఎవరికీ చెప్పలేదు.

సరోజన చెయ్యాల్సిందంతా చేసింది. పాత తువ్వాళ్లు చింపి పట్టీలు కుట్టింది. నుదుటికొకటి, మెడకొకటి, రెండు ముంజేతులకు రెండు. రోజుకు ఐదు బనీన్లు ఉతికి ఆరేసేది. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి పొడి బనీను పట్టుకుని షెడ్డుకు వచ్చేది. మొదట్లో తలుపు దగ్గర నిలబడి పిలిచేది, తర్వాత లోపలికే వచ్చి చంటి పిల్లాడికి తుడిచినట్టు మగని వీపు తుడిచి పోయేది. మగవాళ్ల ముందర అలా తుడిపించుకోవడం ఆయనకు చావులాగుండేది. వద్దనలేడు, చేతులు మగ్గం మీద ఉన్నాయి.

"ఏం సేవలు రా నర్సిగా, మాకు లేకపాయె గీ భాగ్యం" అని పోశయ్య ఎగతాళి చేసేవాడు. డెబ్భై దాటిన ముసలాయన, షెడ్డులో అందరికీ కాక. ఆ ఎగతాళి లేకపోతే షెడ్డు మరీ నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలుసు, అందుకే అనేవాడు.

ఎన్ని పట్టీలు కట్టినా చుక్క పడగూడని చోటే పడేది. పడుగు మీద. చుక్క పడ్డ చోట గంజి కరిగి పోగులు ఒకదానికొకటి అంటుకునేవి. ఆరాక తెల్ల నూలు మీద పసుపు మరక. మార్చిలో సంఘానికి ఇచ్చిన దుప్పట్లలో మూడు వెనక్కి వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు, మడిచి ఆయన మగ్గం పక్కన పెట్టిపోయారు. నర్సింగం నేసిన బట్ట వెనక్కి రావడం అదే మొదటిసారి. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. అడిగితే ఆకలి లేదన్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వచ్చేసరికి ఆయన మగ్గం ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ ఉంది. సాంబయ్యదే.

"తీసెయ్ తమ్మీ" అన్నాడు నర్సింగం.

"మేం ముగ్గురం మాట్లాడుకున్నం అన్నా. ఉండనియ్యి."

"పోగులు తెగుతయి."

"తెగితే ముడేసుకుంటం. చేతులు లేవా మాకు?" అని పోశయ్య కసిరాడు. "కూసో ఇగ. శానా చేస్తానవ్."

నర్సింగం కూర్చున్నాడు. ఫ్యాన్ తిరిగింది. ఎన్ని నెలల తర్వాతో ఒంటికి హాయిగా అనిపించింది. నుదుటి పట్టీ ఆరింది, కళ్లు మండలేదు. సాంబయ్యకు ఏదో చెప్పాలనుకుని తల తిప్పి, అతను పోగు ముడి వేసుకుంటున్నాడని మళ్లీ తిప్పుకున్నాడు.

ఇక్కడే అసలు బాధ మొదలైంది. నేతగాడికి పక్క మగ్గం చూడనక్కర్లేదు, వింటే చాలు. నాలుగు మగ్గాలు కలిసి ఆడుతుంటే ఆ చప్పుడు ఒకే తీరుగా సాగిపోతుంది. ఇప్పుడు సాగడం లేదు. తన పోగులు తెగితే తాను ముడి వేసుకునేవాడు, అది సరే. సాంబయ్య మగ్గం ఆగేది. అంటే పోగు తెగింది. అది మొదలవగానే పోశయ్యది ఆగేది. ముసలాయనకు చూపు ఆనదు, కొస పట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ, గొణుక్కుంటూ వెతికేవాడు. మూలనున్న సదానందం మగ్గం కూడా ఆగేది. మగ్గం ఆగిన ప్రతిసారీ నర్సింగానికి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయ్యేది. రోజుకు మూడు దుప్పట్లు దించేవాళ్లు రెండు దించుతున్నారు. ఒక్కరూ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనేసి ఫ్యాన్ విసిరికొట్టేవాడు. మంచితనంతో పోట్లాడడం ఎట్లా, మీరే చెప్పండి.

ఫ్యాన్ తీసేస్తే తన దుప్పట్లు పాడవుతాయి. ఉంచితే ముగ్గురి పని పాడవుతుంది. ఇంటికి తెచ్చుకుందామంటే రెండు గదుల ఇంట్లో మగ్గం పట్టదు. మగ్గం మానేస్తే తనకు ఇంకేదీ రాదు. ఇవన్నీ గుంటలో కూర్చుని తిప్పితిప్పి ఆలోచించి నర్సింగం చివరికి ఒక తెలివి చేశాడు. దాన్ని తెలివి అనే అనుకున్నాడు పాపం.

పడుగు మరీ బిగిసిపోయి పోగులు తెగుతుంటే నేతగాళ్లు దాన్ని ఒక్కసారిగా వదలరు. బట్ట చుట్టుకునే దోనెకున్న పళ్లచక్రాన్ని ఒక్క పన్ను వదిలి, నాలుగు పేకలు నేసి చూసి, ఇంకో పన్ను వదులుతారు. అలా మెల్లగా వదిలితే ఏ పడుగూ చెడదు. డాక్టరమ్మ కూడా మెల్లమెల్లగా తగ్గించాలనే కదా అంది. ఆమె మెల్లగా అన్నది నెలల లెక్కన. నర్సింగానికి తెలిసిన మెల్లగా పళ్లచక్రం లెక్కన. నాలుగు గోలీలు మూడయ్యాయి. రెండు రోజులు చూశాడు, ఏమీ కాలేదు. రెండయ్యాయి. మళ్లీ రెండు రోజులు. ఒకటయింది. తర్వాత సగం. మింగని గోలీలు సరోజన చూడకుండా దొడ్లో మోరీలో వేశాడు. ఎవరినీ అడగలేదు. పడుగు వదలడానికి ఎవరినైనా అడుగుతారా?

పది రోజుల్లో చెమట తగ్గింది. నుదుటి పట్టీ సాయంత్రానికి కూడా పొడిగా ఉంది. ఒక పొద్దున నర్సింగం తానే లేచి ఫ్యాన్ బంద్ చేసి, వైరు చుట్టి, సాంబయ్య చేతిలో పెట్టాడు.

"నయమైంది తమ్మీ. తీస్కపో ఇంటికి."

సాంబయ్య నమ్మక ఆయన వీపు మీద చెయ్యి వేసి చూశాడు. పొడిగానే ఉంది. ఆ వారమంతా షెడ్డులో పండగే. మగ్గాలు ఆగకుండా ఆడాయి. పోశయ్య పాత జోకులన్నీ మళ్లీ వేశాడు. నర్సింగం దించిన దుప్పట్లలో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ ఏడు రోజులూ నడుము కొంచెం లాగేసినట్టున్నా, పొద్దున లేస్తే కళ్లు తిరిగినా, వాంతికొచ్చినట్టున్నా ఆయన పట్టించుకోలేదు. ఎండకే అనుకున్నాడు. నాకైతే ఆ ఏడు రోజుల మీద ఇప్పటికీ కోపం. అంత బాగా జరగకపోయి ఉంటే ఆయన ముందే కంగారుపడేవాడు.

ఎనిమిదో రోజు సరోజన పచ్చిపులుసు చేసింది. ఎండాకాలంలో నర్సింగానికి అది లేనిదే ముద్ద దిగదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నీళ్లు తాగాడు. మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

"ఉప్పెక్కువైందా?" అంది సరోజన.

"లే. ఆకలైతలేదు."

మర్నాడు ఉల్లిగడ్డ పక్కకు పెట్టాడు. ఆ మర్నాడు చల్లారిన గంజి మాత్రం తాగాడు. నాలుగో రోజు ఆమె కంచం జరిపేసి, ఫోనులో లైటు వేసి, "నోరు తెరువు" అంది. తెరవలేదు. గడ్డం పట్టుకుని తెరిపించింది. బుగ్గల లోపల, నాలుక కింద అంతా పచ్చి పుండే. ఇదేమని అరవబోయి ఆగి, చొక్కా పైకి లాగింది. రాలేదు. వీపుకు అతుక్కుని ఉంది.

"గోలీలు ఏస్కుంటలేవా?" అని అడిగింది.

నర్సింగం నేల చూశాడు. చెప్పాల్సింది చెప్పాడు, చాలా తక్కువ మాటల్లో. సరోజన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఇన్ని నెలలు బనీన్లు ఉతికిన చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది.

ఆ సాయంత్రమే లేవబోయి పడిపోయాడు. దవాఖానలో ఇరవై రెండు రోజులు. స్నేహలత డాక్టరమ్మ చెడామడా తిట్టింది. మందు అలా దించితే జబ్బు తిరగబెట్టడమే కాదు, ప్రాణం మీదకొచ్చేదని చెప్పింది. ఇప్పుడు నాలుగు గోలీలు చాలవు, ఆరు. ఆరు నెలల పైన.

నర్సింగం నోటి పుండ్లతో మాట్లాడలేక చేత్తో నుదురు తుడుచుకుని చూపించాడు. ఆమెకు అర్థమైంది.

"చెమట ఉంటది పెద్దాయనా. ఇంతకుముందు కన్నా ఎక్కువే ఉండొచ్చు" అని, గొంతు తగ్గించి అంది. "మీరు సొంతంగా తగ్గించకుండా ఉంటే ఈ నెలలో నేనే మూడుకు దించుదామనుకున్న."

ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే ఆమె సొమ్మేం పోయేది? కానీ నిజం అది. సరోజన మొహం తిప్పుకుంది. నర్సింగం సీలింగు వైపు చూస్తూ పడుకున్నాడు. కణతల మీదుగా కారుతున్నది చెమటో కన్నీరో పక్క మంచం వాళ్లకు తెలియలేదు. ఆయనకు మాత్రం రెండూ తెలుసు.

ఇంటికి వచ్చాక ముందు గదిలో మంచం వేశారు. పైన ఫ్యాన్, పక్కన కూలరు. అయినా పరుపు మీద వేసిన పాత చీర గంటకొకసారి మార్చాల్సి వస్తోంది. పొక్కులు మళ్లీ మాడుతున్నాయి. ముఖం మళ్లీ గుండ్రమైంది. గోలీలు ఇప్పుడు సరోజన చేతుల మీదుగానే, నోరు తెరిపించి చూసి మరీ.

నాలుగో రోజు సాయంత్రం సాంబయ్య వచ్చాడు. దవాఖానకు కూడా రెండుసార్లు వచ్చాడు గానీ అప్పుడు మాట్లాడే ఓపిక ఈయనకు లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎండల గురించి, పోశయ్య కాకా కళ్ల ఆపరేషన్ గురించి మాట్లాడాడు. కూలరు గాలికి అతనికి చలి పెడుతోంది, చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. ఏదో చెప్పాలని వచ్చినట్టు, చెప్పలేకపోతున్నట్టు ఉంది వాలకం.

"ఎప్పుడొస్తవ్ అన్నా షెడ్డుకు? ఫ్యాన్ పెడ్తం తియ్యి" అన్నాడు చివరికి.

నర్సింగం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇరవై రెండు రోజులూ దవాఖాన మంచం మీద ఆయన ఈ ప్రశ్నకే జవాబు తయారుచేసుకున్నాడు. తయారుచేసుకున్న జవాబు వస్తాననే. ఫ్యాన్ మాట వినగానే ఆగి ఆగి ఆడే మగ్గాలు చెవిలో మోగాయి.

"వద్దు తమ్మీ. నేను రాను" అన్నాడు.

సాంబయ్య మొహం తేలికపడింది. రెప్పపాటే. వెంటనే సర్దుకుని, "గదేందన్నా, గట్లంటే ఎట్ల?" అన్నాడు. కానీ నర్సింగం చూశాడు. కోపం రాలేదు. సాంబయ్య జాగాలో తానున్నా మొహం అలాగే అయ్యేదని తెలుసు, అందుకే రాలేదు.

"నా మగ్గం మీద ఇంకా పదిహేను గజాల పడుగున్నది. ఎండబెట్టకుండ్రి. నువ్వన్న నెయ్యి, ఇంకెవలన్న నెయ్యనీ. ఒక్కటి యాదుంచుకో, ఎడమ దిక్కు తొక్కుడు చెక్క..."

"జర లోపలికి తొక్కాలె. లేకుంటే నాడె అంచుకాడ ఆగుతది" అన్నాడు సాంబయ్య.

అనేసి నోరు మూసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ చెక్క సంగతి ఆ మగ్గం మీద కూర్చున్న ఒక్కడికే తెలుసు.

సరోజన చాయ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"అయిపాయెనా పడుగు?" అని అడిగాడు నర్సింగం.

"అయిపాయెనే అన్నా. నువ్వు దవాఖానకు పోయిన వారానికే. సంఘపోళ్లు మగ్గం ఖాళీగ ఉంచొద్దన్నరు. కొత్త పడుగెక్కిచ్చినం." సాంబయ్య నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. "మా బామ్మర్ది ఓంప్రకాశ్ నేస్తాండు. రఘునాథపల్లి నుంచి వచ్చిండు. చెప్పుదామనే వచ్చిన అన్నా. నోరు రాలే."

"మంచిగ నేస్తాండా?"

"నేర్సుకుంటాండు."

నర్సింగానికి చెమట గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారుతోంది, తుడుచుకోలేదు. అడగకూడదనుకున్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"పోగులు తెగుతానయా తమ్మీ?"

సాంబయ్య తల ఎత్తలేదు.

"తెగుతలేవన్నా" అన్నాడు. "నాలుగు మగ్గాలూ మంచిగ నడుస్తానయి."